పిడి ఎటు పక్క

ఆ పొద్దున ఆకాశం ముసుగుతన్ని పడుకుంది. మబ్బు ఇళ్ళ కప్పుల దాకా దిగివచ్చి అక్కడే కూర్చుంది, కురవదు, తెరిపివ్వదు. వడ్రంగి గుమ్మంలో నిలబడి చెయ్యి బయటికి చాపి, వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్ది చూసుకున్నాడు. ఇలాంటి తేమలో జిగురు ఆరదు. నిన్న అతికించిన బల్లకాళ్ళు ఇవాళంతా బిగించినవి బిగించినట్టే ఉండాలి.

"ఆకాశాన్ని సాయంత్రం చూద్దువుగాని, అదెక్కడికీ పోదు" అంది భార్య వెనకనుంచి. "స్కూలుకి వేళవుతోంది."

"నువ్వెళ్ళరాదూ?"

"పోయినసారి నేనే వెళ్ళా. మళ్ళీ నేనే వెళితే ఇస్త్రీ బల్ల దగ్గర నా చోట్లో ఇంకొకర్ని నిలబెడతారు. అయినా ఈసారి నాన్నలు రావాలని టీచరమ్మ మరీమరీ చెప్పిందట. నువ్వూ ఓసారి ఆ బెంచీల మీద కూర్చుని రా, తెలుస్తుంది."

కూతురు అప్పటికే వీధిలో ఉంది. ఒక్కచోట కుదురుగా నిలబడితే ఒట్టు, అందుకే ఇంట్లో దాన్ని బొంగరం అంటారు. దారంతా అది రెండడుగులు ముందు నడిచి, వెనక్కి తిరిగి, తండ్రి వస్తున్నాడో లేదో చూసుకుని, మళ్ళీ రెండడుగులు ముందుకి పోయింది.

తరగతి గదిలో బెంచీలు పిల్లల కొలతవి. పెద్దవాళ్ళంతా మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. వడ్రంగి చెయ్యి అలవాటుకొద్దీ బెంచీ అడుక్కి పోయింది. ఒక అతుకు వదులైంది. ఎవరో దాన్ని మేకుతో సరిపెట్టారు; ఆ మేకు మొన తొడ పక్కనే ఉంది. కాస్త జరిగి కూర్చున్నాడు. ఇంక జరగడానికి లేదు, ఆ పక్క గోడ.

టీచరమ్మ చిన్నపిల్లే. మణికట్టుదాకా సుద్దపొడి, గొంతు బొంగురుపోయి ఉంది. "పిల్లల చదువు మా ఒక్కళ్ళ వల్ల అయ్యే పని కాదండీ. ఇంట్లో మీరూ ఓ చెయ్యి వెయ్యాలి" అని మొదలుపెట్టింది. యంత్రాల పాఠం నడుస్తోంది. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ చెక్కతో ఒక బావి బొమ్మ చేసి తేవాలి. రెండు స్తంభాలు, వాటి మీద చిన్న పైకప్పు, మధ్య ఇరుసు, ఇరుసుకి ఒక పిడి, తాడు, చిన్న బకెట్. పిడి తిప్పితే బకెట్ పైకి రావాలి. వెనక నిలువుగా ఒక పలక ఉండాలి, పేరూ వివరణా దాని మీద అతికిస్తారు. శుక్రవారం హాల్లో ప్రదర్శన.

"మార్కుల్లో సగం పిల్లలవి, సగం మీవి" అంది.

"మావంటే?" అన్నాడు ముందు బెంచీలో ఒకాయన.

"పక్కన కూర్చుని చేశారా లేదా అని. ఏ ముక్క ఎవరు చేశారో ఆ రోజు పిల్లలే చెబుతారు. పక్కన మీరుండాలి."

వెనకనుంచి ఎవరో నవ్వారు. "నా చేతికి సుత్తిస్తే అది బావి అవదు, గొయ్యి అవుతుంది." అందరూ నవ్వారు. ఆ మాటన్నది చెక్కసామాన్ల షాపాయన కొడుకు. వడ్రంగి పనిచేసేది ఆ షాపులోనే. నవ్వుతూ నవ్వుతూ అతను వడ్రంగి వైపు ఒక చూపు చూశాడు. వడ్రంగి కూడా నవ్వాడు. యజమాని కొడుకు నవ్వితే నవ్వకుండా ఎలా ఉంటాడు?

బయటికి రాగానే బొంగరం చుట్టూ పిల్లలు మూగారు. "వీళ్ళ నాన్న వడ్రంగిరా. ఇంక మనమెందుకు, బొమ్మలు పట్టుకెళ్ళి ఇంట్లో పెట్టుకోవడమే" అన్నాడొకడు. బొంగరానికి కాళ్ళు నేలమీద ఆనలేదు.

"నాన్నా, మనం నిజం బకెట్ పెడదామా?"

"నిజం బకెట్ పెడితే దాన్ని స్కూలుదాకా మోసేదెవరు?"

"నువ్వే."

"సాయంత్రం మొదలెడదాంలే." దాని తల మీద చెయ్యి వేశాడు. చొక్కా చేతిలోంచి రంపపు పొట్టు రాలి దాని జుట్టులో పడింది. అది దులుపుకోలేదు.

*

షాపు ముందుభాగం అద్దాలూ మెరుగులూ. వెనక రేకుల షెడ్డు, అందులో వడ్రంగి బల్ల. చెక్క బిగించే పట్టు అందరి బల్లలకీ ఒక కొసన ఉంటే అతని బల్లకి రెండో కొసన ఉంటుంది. అతనిది పుర్రచేతివాటం. రంపం, ఉలి, సుత్తి అన్నీ ఎడమచేతిలోనే. అలమారా పని వచ్చినప్పుడల్లా తలుపు ఎటు తెరుచుకోవాలో షాపాయన చెక్క మీద సుద్దతో బాణం గీసిపోతాడు. గీయకపోతే ఊళ్ళో అలమారాలన్నీ ఒకే పక్కకి తెరుచుకుంటాయని ఆయన వేళాకోళం.

ఆ మధ్యాహ్నం ఆయన షెడ్డులోకి వచ్చి, చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. "మనవడికి బావి కావాలట మేస్త్రీ."

"విన్నానండీ. పొద్దున నేనూ అక్కడే ఉన్నా."

"మావాడు చేస్తాడని కూర్చుంటే పిల్లాడు పెళ్ళీడుకొస్తాడు. వాడికి మేకుకీ వేలికీ తేడా తెలీదు. నువ్వో గంట చూసుకో."

వడ్రంగికి ఆ పని చెయ్యడం బాగానే ఉంది. పెద్ద బల్లలూ మంచాలూ కోసే చేతికి అరచేతిలో పట్టే స్తంభాలు, అగ్గిపెట్టెంత బకెట్ సరదాగా అనిపించాయి. ఒకసారి చేతికి తెలిస్తే ఇంట్లోది తేలికవుతుంది అనుకున్నాడు. సాయంత్రం బొంగరం ఏ ముక్క పట్టుకుంటుందో, ఏ ముక్క తను పట్టుకోవాలో మనసులో పంచేసుకున్నాడు కూడా. అతుకులు కుదిర్చి, ఎమరీ కాగితం పట్టి, ఇరుసుకి పిడి దూర్చి తిప్పి చూశాడు. బకెట్ చడీచప్పుడూ లేకుండా పైకొచ్చింది.

షాపాయన దాన్ని చేతిలోకి తీసుకుని మొహం ముడుచుకున్నాడు. "మరీ నున్నగా ఉందయ్యా. పదేళ్ళవాడు చేశాడంటే ఎవరు నమ్ముతారు? కాస్త చెడగొట్టు."

వడ్రంగి ఆకురాయి తీసుకున్నాడు. స్తంభం మీద ఆనించి అలాగే ఉండిపోయాడు. ఎక్కడ రాయాలో చేతికి తెలియలేదు. "చెడగొట్టడం నాకు చేతకాదండీ."

"ఇలా తే." ఆయనే బావి పైకప్పులోకి ఒక మేకు వంకరగా దిగ్గొట్టి, దాని తల పక్కకి వాల్చాడు. "అదీ. ఇప్పుడు పిల్లాడి పనిలా ఉంది."

పొద్దువాలకముందే షాపు ముందు గుమ్మంలో ఒక తల్లి నిలబడింది. తర్వాత ఒక తండ్రి. ఆ తర్వాత ఎవరి పిల్లలో చెప్పకుండా, మనవడి బావి లాంటిదే కావాలని మాత్రం చెప్పి వెళ్ళినవాళ్ళు. షాపాయన ప్రతిసారీ షెడ్డులోకి తొంగిచూసి "ఇంకోటి" అనేవాడు. "అలమారాలు అడిగేవాడు లేడు, బావులు అడుగుతున్నారు. కాలం అలా ఉంది. ఆ బల్లకాళ్ళు పక్కన పడెయ్."

వడ్రంగి ఒక పలుచని చెక్క మీద కన్నాలూ కొలతలూ గుర్తు పెట్టి అచ్చు తయారుచేసుకున్నాడు. దాన్ని ప్రతి ముక్క మీదా పెట్టి బరమాతో తొలిచెయ్యడమే. ఇక కొలవక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు. బావులన్నీ ఒక తల్లి పిల్లల్లా దిగసాగాయి. తేమకి జిగురు ఆరదని కిటికీ మూశాడు. పొట్టు గాల్లో లేచి, దిగడానికి చోటు లేక, దీపం చుట్టూ తిరుగుతోంది.

"మా అమ్మాయిది కూడా ఒకటి ఇక్కడే…" అన్నాడు మొదటి రోజే.

"నీ ఇంట్లోది నీకెంతసేపు? చివర్లో చూసుకుందువులే." షాపాయన వెళ్ళబోయి తలుపు దగ్గర ఆగాడు. "అన్నట్టు మేస్త్రీ, ఈ సంగతి నాలుగ్గోడలు దాటకూడదు. మీ పిల్లదీ అదే క్లాసు కదా. పిల్లలు నోరు జారతారు. బయటపడితే వీళ్ళ మొహాలు నేను చూడలేను, నా మొహం వీళ్ళు చూడరు. అప్పుడు నీకు మాత్రం పనెక్కడిది?"

"అలాగేనండీ" అన్నాడు వడ్రంగి. ఆ మాట అతని నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

*

మొదటి సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి బొంగరం నేల మీద కాగితాలు పరిచి, చిన్న రంపం పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. "చేతులు కడుక్కునిరా నాన్నా. స్తంభాలు నువ్వు కొయ్యి, నేను పట్టుకుంటా."

"ఇవాళ నడుం విరిగిపోయిందిరా తల్లీ. రేపు."

అన్నానికి కూర్చునేటప్పుడు బొంగరం ఎప్పుడూ తండ్రికి కుడిపక్కన కూర్చుంటుంది. ఎడమపక్కన కూర్చుంటే అతని చెంచా పట్టిన చెయ్యీ దాని చెంచా పట్టిన చెయ్యీ కొట్టుకుంటాయి. ఆ పూట కూడా కుడిపక్కనే కూర్చుని, ఒక్కసారి ఆగి, అతని చేతిని ముక్కు దగ్గరికి లాక్కుంది.

"ఇది బల్లల జిగురు వాసన కాదు. చిన్న పనుల జిగురు. ఎవరికి చేశావు?"

"చిన్న బల్లలు" అన్నాడు.

భార్య గిన్నె మీద మూత పెడుతూ అతని మొహంలోకి చూసింది. కూతురు నిద్రపోయాక గొంతు తగ్గించి అడిగింది. అతను చెప్పాడు.

"దానికీ చెప్పెయ్. అర్థంచేసుకుంటుంది."

"అర్థంచేసుకుని ఏం చేస్తుంది? క్లాసులో పక్కపిల్ల 'మా నాన్న చేశాడు' అంటుంటే నోరు మూసుకుని వింటుందా?"

"నువ్వు నోరు మూసుకుని చేస్తున్నావుగా."

ఆమె విసురుగా అనలేదు. ఇస్త్రీ పెట్టె పక్కకి ఆనించినంత తేలిగ్గా అంది. కాలింది మాత్రం కాలింది.

రెండో సాయంత్రం కూడా రేపే అన్నాడు. ఆ తర్వాత బొంగరం అడగడం మానేసి తనే మొదలుపెట్టింది. అతను మంచం మీద వాలి, కళ్ళు సగం మూసి, రంపం చప్పుడు వింటున్నాడు. అది రంపాన్ని నొక్కేస్తోంది. నొక్కకూడదు, రంపం బరువు రంపానికి చాలు. లేచి వెళ్ళి చెప్పాలి. కాళ్ళు సీసంలా ఉన్నాయి. కాళ్ళ మీద నెపం పెట్టాడు గాని, ఆ ముక్కల దగ్గర కూర్చోవాలంటే అతనికి జంకుగా ఉంది. తన చెయ్యి తగిలితే దీని బావీ షెడ్డులో బావులకి చెల్లెలైపోతుంది. హాల్లో పక్కపక్కన పెడితే గుడ్డివాడు కూడా పట్టేస్తాడు.

"నాన్నా, పిడి ఎటు పక్క పెట్టాలి?"

"నీ చెయ్యి ఎటు పోతే అటు" అన్నాడు నిద్రలోంచి.

అది కాసేపు గాల్లోనే చెయ్యి తిప్పి చూసుకుంది. తర్వాత బరమా కిర్రుమనడం వినిపించింది.

*

బుధవారం సాయంత్రం మబ్బు కొద్దిగా విడిచి చిన్న తుంపర పడింది. వడ్రంగి చివరి బావులకి తాళ్ళు కడుతున్నాడు. షెడ్డు తలుపు కదిలింది. షాపాయన అనుకుని "అయిపోవచ్చిందండీ" అన్నాడు తల ఎత్తకుండానే.

 తల ఎత్తాడు. బొంగరం చేతిలో గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. వాళ్ళమ్మ పంపింది.

బల్ల మీద ఈ కొసనుంచి ఆ కొసదాకా బావులు. ఒకే ఎత్తు, ఒకే పైకప్పు, ఒకే బకెట్. కొన్నిటికి వెనక పలక మీద పేర్లు అప్పుడే అతికించేసి వెళ్ళారు తల్లులు. బొంగరం ఆ పేర్లు చదివింది. పెదాలు కదిలాయి. ఒక పేరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. అది దాని పక్కన కూర్చునే పిల్లది.

"బొంగరం" అన్నాడు.

అది గొడుగు బల్లకి ఆనించింది. వంగి, నేల మీద పొట్టులోంచి ముక్కలు ఏరసాగింది. స్తంభాలు కొయ్యగా తెగిపడిన చిన్న చిన్న కొసలు, పైకప్పు పలకల అంచులు. గౌను ఒళ్ళో వేసుకుంది. ఒక్కటి మాత్రం చేతిలో పట్టుకుని అడిగింది.

"ఇది పారేసేదేనా?"

"ఆఁ."

"నాకు పైకప్పుకి చాల్లేదు."

"మంచి చెక్క ఇస్తానుండు."

"వద్దు. ఇది చాలు." ఒడి రెండు చేతులా పట్టుకుని బయటికి నడిచింది. గొడుగు అక్కడే ఉండిపోయింది. అతను గుమ్మందాకా వెళ్ళాడు. తుంపరలో అది పరిగెత్తలేదు, గెంతలేదు. పెద్ద మనిషిలా రోడ్డు పక్కగా నడుచుకుంటూ పోయింది.

ఆ పూట అన్నానికి అది తల్లి పక్కన, బల్లకి ఆవలివైపు కూర్చుంది. ఏదో ఒకటి అడుగుతుందని వడ్రంగి ఎదురుచూశాడు. అడగలేదు. ఉప్పు కూడా అడగలేదు, లేచి వెళ్ళి తెచ్చుకుంది. తిన్నాక దాని చేతి వేలికి చుట్టిన గుడ్డ పీలిక చూశాడు. ఎప్పుడు కోసుకుందో అతనికి తెలియదు.

*

శుక్రవారం హాల్లో గోడల వెంట బల్లలు వేశారు. బల్లల మీద తెల్లదుప్పట్లు, వాటి మీద బావులు, బావుల వెనక పిల్లలు, పిల్లల వెనక తల్లిదండ్రులు. షాపాయన మనవడి కోసం తనూ వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నా చెవి మీద పెన్సిలు తియ్యడం మరిచిపోయాడు. వడ్రంగి కనిపిస్తే దూరపు చుట్టాన్ని చూసినట్టు తల ఊపాడు.

బొంగరం బావి వరస చివర, కిటికీ పక్కన ఉంది. వడ్రంగి దాన్ని వెలుతురులో చూడడం అదే మొదటిసారి. స్తంభాలు రెండూ ఒక ఎత్తు కావు. పొట్టిదాని కింద ఒక ముక్క ఇరికించింది. పైకప్పు అతుకుల బొంత; ఆ అతుకుల్లో ప్రతి ముక్కా అతనికి తెలుసు. మేకులు వంగితే సరిచేసి మళ్ళీ కొట్టింది. జిగురు ఎక్కువైనచోట వేలితో తుడిచింది, వేలి గుర్తు అలాగే ఆరిపోయింది.

టీచరమ్మ చేతిలో ఎర్ర కలం పట్టుకుని మొదటి బల్ల దగ్గర మొదలుపెట్టింది.

"స్తంభాలు మా నాన్నగారు కోశారు. పైకప్పు నేను అతికించాను. తాడు ఇద్దరం కట్టాం" అంది మొదటి పిల్ల, ఊపిరి తీసుకోకుండా.

"బాగుంది. తిప్పి చూపించు."

ఆ పిల్ల చెయ్యి చాపింది. కుడిచెయ్యి బావి ముందునుంచి అడ్డంగా పోయి, పైకప్పుకి తగిలి, అవతలి పక్క పిడిని అందుకుంది. బకెట్ కుదుపుతో పైకొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండో పిల్లాడు అదే పాఠం చెప్పాడు. కుడిచెయ్యి చాపి, అందక, వెనక్కి తీసుకుని ఎడమచేత్తో తిప్పాడు. పిడి మధ్యలో జారింది. తాడు వదులుగా కట్టానా ఏమిటి అనుకున్నాడు వడ్రంగి. మూడో పిల్ల మోచెయ్యి పైకెత్తి, ఒళ్ళంతా పక్కకి వంచి తిప్పింది.

అప్పుడు అర్థమైంది అతనికి.  పిడులన్నీ ఎడమపక్కనే. తన చెయ్యి ఎటు పోయిందో అటే. అచ్చులో ఒకసారి పడిన కన్నం అన్నిట్లోనూ పడింది. సుద్దతో బాణం గీసేవాడు లేడు, తనకి తట్టలేదు. వెనక పలక అడ్డం కాబట్టి బావిని తిప్పి పెట్టుకునే వీలు కూడా లేదు. హాల్లో పిల్లలందరూ ఒకరి తర్వాత ఒకరు అతని ఎడమచెయ్యిని అప్పుతెచ్చుకున్నట్టు అవస్థపడుతుంటే, వాళ్ళ వెనక తండ్రులు చిరునవ్వులు చిందిస్తున్నారు.

షాపాయన మనవడు మధ్యలో మాట మరిచిపోయాడు. "పైకప్పు నేను… నేను… నాన్నా, నేనేం చేశాను?"

"తాడు కట్టావుగదరా" అన్నాడు వాళ్ళ నాన్న పళ్ళ బిగువున. ఎవరూ నవ్వలేదు. ఎవరి పిల్ల ఎక్కడ తడబడుతుందోనని ఎవరి భయం వాళ్ళది.

టీచరమ్మ చివరి బల్ల దగ్గరికి వచ్చింది. బావి చూసింది, వెనక నిలబడ్డ వడ్రంగిని చూసింది. "మీరు వడ్రంగం చేస్తారు కదండీ?"

"అవునండీ."

ఆమె ఇంకేదో అనబోయి బొంగరం వైపు తిరిగింది. "ఇందులో నువ్వేం చేశావు?"

"అన్నీ టీచర్."

"నాన్నగారు?"

బొంగరం ఆలోచించింది. హాలంతా దాని నోటికేసి చూస్తోంది. షాపాయన చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నాడు. 

"పిడి ఎటు పక్క పెట్టాలో మా నాన్న చెప్పాడు" అంది.

టీచరమ్మ వరసకేసి ఒకసారి చూసి, మళ్ళీ దీన్ని చూసింది. "అందరిదీ ఆ పక్కనుంటే నీది ఈ పక్కనుందేమ్మా? నాన్నగారు తప్పు చెప్పారా?"

"లేదు టీచర్" అంది బొంగరం. "నాన్న సరిగ్గానే చెప్పాడు. నేనే తప్పు పెట్టా."

ఎర్ర కలం కాగితం మీద ఆనింది. వడ్రంగి కూతురి మెడ వెనక చూశాడు. అక్కడ జుట్టులో, జడ మొదట్లో, ఇంకా ఓ పిసరు పొట్టు ఉంది. అది అబద్ధం ఆడడం అతను మొదటిసారి విన్నాడు. ఎవరి కోసమో అతనికి తెలుసు.

"మీరే చెప్పండి" అంది టీచరమ్మ అతనితో, రాయబోతూ ఆగి. "మీకు తెలిసిన పనే కదా. పిడి ఎటుండాలి?"

కుడి అంటే వరసంతా తప్పు. ఎడమ అంటే పిల్ల తప్పు. షాపాయన ఇప్పుడు తల ఎత్తి సూటిగా చూస్తున్నాడు.

"తిప్పేవాళ్ళ చెయ్యి ఎటు పోతే అటు" అన్నాడు వడ్రంగి.

టీచరమ్మ నవ్వింది. అందులో ఎత్తిపొడుపు లేదు, ఉదయంనుంచి నిలబడ్డ అలసటే ఉంది. "అయితే మా క్లాసంతా ఎడమచేతివాళ్ళేనన్నమాట. ఏరీ, ఎడమచేత్తో రాసేవాళ్ళు చెయ్యెత్తండి."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. టీచరమ్మ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. పిల్లల మీదనుంచి ఆమె చూపు బావుల వరస మీదికి పోయింది. 

కిటికీ పక్కన, కూతురి వెనకనుంచి, వడ్రంగి చెయ్యి లేచింది. ఎడమచెయ్యి. తొందరపడలేదు, బరువైనదేదో ఎత్తుతున్నట్టు భుజందాకా, ఆపైన తలదాకా లేచి అక్కడ ఆగింది. వేళ్ళ సందుల్లో ఎండిన జిగురు తెల్లగా ఉంది.

టీచరమ్మ ఆ చేతిని చూసింది. మొదటి బావినుంచి చివరి బావిదాకా చూసింది. తల్లిదండ్రుల మొహాలు చూడబోయి, వాళ్ళు చూపులు తిప్పుకుంటుంటే తనూ తిప్పేసుకుంది. వాళ్ళలో ఎవరు ఎవరో, ఎవరి మాట స్కూల్లో ఎంతదాకా చెల్లుతుందో ఆమెకీ తెలుసు.

"దించండి" అంది. పిల్లలతో అనే గొంతే. మళ్ళీ "దించండి, పర్లేదు" అంది.

కలానికి మూత పెట్టింది. బొంగరం బావి దగ్గరికి వంగి, కుడిచేత్తో పిడి పట్టుకుని మెల్లిగా తిప్పింది. ఇరుసు కిర్రుమంది. బకెట్ పొట్టి స్తంభానికి ఒకసారి తగిలి, మళ్ళీ తగిలి, పైకొచ్చింది.

"వస్తోంది" అంది టీచరమ్మ.  మార్కులు సోమవారం చెబుతామని గట్టిగా అందరికీ వినిపించేలా చెప్పి వెళ్ళిపోయింది.

గేటు దగ్గర షాపాయన కలిశాడు. కొడుకునీ మనవణ్ణీ ముందు నడవమని, తను ఆగాడు. చెవి మీది పెన్సిలు అప్పుడు గుర్తొచ్చి, తీసి జేబులో పెట్టుకున్నాడు. "రేపు రావద్దులే మేస్త్రీ. నేనే కబురు పెడతా."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"అలా…" అన్నాడు వడ్రంగి. మిగతా సగం రాలేదు.

*

బావిని బొంగరమే మోసింది. ఇస్తావా అని అతను అడగలేదు, తీసుకో అని అది అనలేదు. మబ్బు పొద్దుటిలాగే కప్పుల మీద కూర్చుని ఉంది. దారిలో ఒకచోట పొట్టి స్తంభం కింద ఇరికించిన ముక్క ఊడిపడింది. వడ్రంగి వంగి తీసి జేబులో వేసుకున్నాడు.

భార్య తలుపు తీసి ఇద్దరి మొహాలూ చూసింది. ఏమైందని అడగడానికి నోరు తెరిచి, మానేసి, కంచాలు పెట్టింది. బొంగరం బావిని బల్ల మధ్యలో, ఉప్పు డబ్బా పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

వడ్రంగి తన చోట్లో కూర్చున్నాడు. కుడిపక్క కుర్చీ ఖాళీ. బల్లకి ఆవలివైపు, తల్లి పక్కన, మొన్నటినుంచి బొంగరం కూర్చుంటున్న కుర్చీ ఖాళీ. జేబులోంచి ముక్క తీసి బావి కిందికి తోశాడు. బావి కుదురుగా నిలబడింది.

బొంగరం తడిచేతులు గౌనుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆవలివైపు కుర్చీ రెండు చేతులా ఎత్తి, బల్ల చుట్టూ మోసుకొచ్చి, తండ్రికి ఎడమపక్కన దించింది. ఎక్కి కూర్చుంది. తల్లి అన్నం వడ్డించింది, కూర వేసింది.

మొదటి ముద్దకే చేతులు కొట్టుకున్నాయి. దాని చెంచాలోంచి కూర కొంచెం బల్ల మీద ఒలికింది. వడ్రంగి చెయ్యి దగ్గరికి తీసుకోబోయాడు. దాని మోచెయ్యి అతని మోచేతికి ఆనుకుని అక్కడే ఉంది, జరగలేదు. అతనూ జరగలేదు. ముగ్గురూ తలలు వంచుకుని అన్నం తిన్నారు.